లేపాక్షి రాళ్లు, మన ఊరి బండ

1. పాత గుడి

అది అనంతపురం సీమలో ఒక చిన్న పల్లె. ఊరి పక్కన చెరువు ఉంది. చెరువులో నీళ్లు లేవు. ఆ ఏడు చెనిక్కాయ పైరు ఎండిపోయింది. మగవాళ్లు చాలామంది బెంగళూరుకు కూలికి పోయారు.

చెరువు గట్టు కింద ఒక పాత గుడి ఉంది. పైకప్పు సగం కూలింది. లోపల దేవుడు లేడు. చుట్టూ కంప మొలిచింది. గుడి ముందర ఒక పొడుగాటి బండ పడి ఉంది. దాని మీద ఏవో గీతలు ఉన్నాయి. చెరువులో నీళ్లు ఉన్నప్పుడు ఆడవాళ్లు ఆ బండ మీదే బట్టలు ఉతికేవాళ్లు. అందుకే దానికి బట్టల బండ అని పేరు.

ఊరి దగ్గర వంక మీద కల్వర్టు కట్టే పని వచ్చింది. కాంట్రాక్టరు పాత గుడిని చూశాడు.

"ఈ రాళ్లు పగలగొడితే సరిపోతుంది. దూరం నుంచి రాళ్లు తోలే పని లేదు" అన్నాడు.

ఎవరూ వద్దు అనలేదు. కరువు కాలం. పని మొదలైతే ఊళ్లో నలుగురికి కూలి దొరుకుతుంది. బేల్దారి పని చేసే అక్కకు కూడా దొరుకుతుంది. ఆమెను ఊరంతా బేల్దారక్క అంటారు. ఆమె చేతి సంపాదనతోనే ఇల్లు గడుస్తుంది.

పని మొదలయ్యే లోపల ఒక ఆదివారం వచ్చింది. రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లు పదకొండు మంది లేపాక్షికి పోవాలి అనుకున్నారు. తలా కొంచెం దుడ్లు వేసుకున్నారు. సంగటి ముద్దలు, ఊరిబిండి మూట కట్టుకున్నారు.

హిందూపురంలో బస్సు మారాలి. అక్కడ ఎన్నో బస్సులు నిలబడి ఉన్నాయి. గొర్రెలు కాసే అవ్వ ఒక బస్సు ముందర నిలబడింది. బోర్డు చూసింది. "లే... పా... క్షి" అని కూడబలుక్కుంది.

"ఇదే బస్సు. ఎక్కండి మే!" అంది.

ఎవరినీ అడగలేదు. అవ్వ ఎవరినీ అడగకుండా బస్సు ఎక్కడం అదే మొదలు.

2. లేపాక్షిలో

లేపాక్షి హిందూపురానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 దాకా అది అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ఊరి మొదట్లోనే పెద్ద నంది కనిపించింది. ఒకే రాయిలో చెక్కిన నంది అది. పొడవు 27 అడుగులు. ఎత్తు 15 అడుగులు. మెడలో గంటలు, పట్టెడలు, హారాలు అన్నీ రాతిలోనే ఉన్నాయి.

నంది చుట్టూ బేల్దారక్క రెండుసార్లు తిరిగింది. "ఎక్కడా అతుకు లేదు మే" అంది.

అక్కడి నుంచి గుడికి నడిచారు. గుడి ఒక చిన్న గుట్ట మీద ఉంది. ఆ గుట్ట తాబేలు మాదిరి ఉంటుంది. అందుకే దాన్ని కూర్మశైలం అంటారు. కూర్మం అంటే తాబేలు. శైలం అంటే కొండ.

ఇది వీరభద్రస్వామి గుడి. దీన్ని విజయనగర రాజుల కాలంలో కట్టారు. అప్పుడు అచ్యుతదేవరాయలు రాజు. ఆయన 1529 నుంచి 1542 దాకా పాలించాడు. ఆయన కొలువులో విరూపణ్ణ అనే పెద్ద ఉద్యోగి ఉండేవాడు. విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు. వాళ్లే ఈ గుడి కట్టించారు. అంటే ఈ గుడికి దాదాపు 500 ఏళ్లు.

గుడి చూపించే పెద్దాయన ఒకరు వాళ్ల వెంట వచ్చాడు.

నాట్య మండపంలో ఒక స్తంభం ఉంది. అది నేలకు పూర్తిగా ఆనలేదు. కింద సందు ఉంది. అందరూ ఆ సందులో గుడ్డ దూర్చి ఇవతలి పక్కకు లాగుతున్నారు. వీళ్లు కూడా కొంగులు దూర్చి లాగారు. నవ్వుకున్నారు. బేల్దారక్క మాత్రం పైకి చూసింది.

"అవ్వా, పైన దూలాలు చూడు. బరువంతా పక్క స్తంభాల మీదికి పోతాండాది. కట్టినోళ్లు లెక్క తెలిసినోళ్లు" అంది.

మండపం పైకప్పు నిండా బొమ్మలు ఉన్నాయి. రాతి మీద సున్నం పూసి, దాని మీద రంగులతో గీశారు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు రంగులు ఎక్కువ. పార్వతి పెళ్లి బొమ్మ ఉంది. ఆ పెళ్లికి వచ్చిన ఆడవాళ్ల చీరల మీద రకరకాల అంచులు, గళ్లు, పూలు ఉన్నాయి. పట్టుపురుగులు పెంచే వదిన మెడ నొప్పి పుట్టేదాకా ఆ చీరలే చూసింది.

ఇంకో బొమ్మ దగ్గర పెద్దాయన ఆగాడు.

"ఇది ఒక రాజు కథ. ఆయన కోట ముందర ఒక గంట కట్టించాడు. అన్యాయం జరిగిన వాళ్లు ఎవరైనా ఆ గంట కొట్టొచ్చు. ఒక రోజు రాజు కొడుకు రథం కింద పడి ఒక దూడ చచ్చింది. తల్లి ఆవు వచ్చి గంట కొట్టింది. రాజు తన కొడుకు అని కూడా చూడకుండా న్యాయం చేశాడు" అన్నాడు.

"ఆవు కూడా గంట కొట్టిందంట మే" అంది అవ్వ. ఆ మాట ఆమె మళ్లీ మళ్లీ అనుకుంది.

3. ఆగిపోయిన పని

గుడి వెనక పక్క కల్యాణ మండపం ఉంది. స్తంభాలు నిలబడి ఉన్నాయి. స్తంభాల మీద దేవతలు, మునులు ఉన్నారు. పైకప్పు లేదు. ఆ పని పూర్తి కాలేదు.

ఎందుకు పూర్తి కాలేదు? జనం ఒక కథ చెబుతారు. విరూపణ్ణ రాజుగారి సొమ్ము అడగకుండా ఖర్చు పెట్టాడని ఎవరో చాడీలు చెప్పారట. రాజు కళ్లు పీకించమన్నాడట. ఆ మాట విని విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడట. గోడ మీద ఎర్రటి మచ్చలు చూపించి, ఇవి ఆ నెత్తుటి మచ్చలే అంటారు.

"నిజమేనా అన్నా?" అని అడిగింది వదిన.

"జనం చెప్పుకునే కథ అమ్మా. నేను కథను కథగానే చెబుతాను. రాసి ఉన్న మాట వేరు. చెప్పుకునే మాట వేరు. రెండూ వినాలి. కలిపేయకూడదు" అన్నాడు పెద్దాయన.

దగ్గరలో నేల బండ మీద గుండ్రని గుంటలు ఉన్నాయి. కంచాల మాదిరి ఉన్నాయి. పనివాళ్లు వాటిలోనే అన్నం తిన్నారని కొందరు అంటారు. రంగులు కలిపిన గుంటలని మరికొందరు అంటారు.

ఏడు పడగల నాగలింగం కూడా ఒకే బండలో చెక్కిందే. అమ్మ వంట చేసేలోపల కొడుకులు దాన్ని చెక్కేశారని ఒక కథ ఉంది.

బేల్దారక్క నవ్వింది. "కథ బాగుంది. కానీ ఇది నెలల పని. రాతి పని చేసినోళ్లకు తెలుస్తాది. ఉలి మొద్దుబారితే కొలిమికి పంపాలి. కొలిమికాడ ఒకరుండాలి. నీళ్లు మోసేదానికి ఒకరుండాలి. ఇంతమందికి కూడు వండినోళ్లు ఎవరో!" అంది.

ఆ మాటకు పెద్దాయన కూడా తల ఊపాడు.

4. రాతి మీద రాసిన పట్టా

గుడి గోడ మీద అక్షరాలు ఉన్నాయి. వరసలు వరసలుగా ఉన్నాయి. అక్షరాలు చూస్తే తెలుగు మాదిరే ఉన్నాయి. చదవబోతే రాలేదు. అవ్వ వేలు పెట్టి ఒకటి రెండు అక్షరాలు గుర్తు పట్టింది. ఆ తర్వాత ఆగిపోయింది.

"ఇది కన్నడ శాసనం అవ్వా. ఆ కాలంలో తెలుగు అక్షరాలు, కన్నడ అక్షరాలు దాదాపు ఒకటే. అందుకే నీకు కొన్ని తెలిశాయి" అన్నాడు పెద్దాయన.

"ఏం రాశారు నాయనా?"

"దేవుడికి ఎవరు ఏ ఊరు ఇచ్చారు, ఎంత భూమి ఇచ్చారు అని రాశారు."

"అంటే పట్టా!"

"పట్టానే. ఆకు మీద రాస్తే చెదలు తింటాయి. రాతి మీద రాస్తే నిలుస్తుంది. శాసనాలు దేవుడి గురించే కాదు. చెరువుల గురించి కూడా ఉంటాయి. ఏ చెరువు ఎవరు తవ్వించారు, మరమ్మతు ఎవరు చేయాలి, అందుకు వాళ్లకు ఎంత మాన్యం ఇచ్చారు అని రాసేవాళ్లు. చెరువు బాగు చేసే వాళ్లకు ఇచ్చే ఆ మాన్యాన్ని దశబంధం అనేవాళ్లు."

పెద్దాయన ఇంకో సంగతి చెప్పాడు. కడప జిల్లాలో పోరుమామిళ్ల అనే ఊరు ఉంది. అక్కడ పెద్ద చెరువు ఉంది. దాన్ని 1369లో భాస్కర భవదూరుడు అనే రాజకుమారుడు కట్టించాడు. అక్కడి శాసనంలో ఆ పని లెక్క ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు పని చేశారు. రాళ్లు తోలడానికి వంద బండ్లు తిరిగాయి. రెండేళ్లు పట్టింది. మంచి చెరువుకు ఏమేం కావాలి, ఏ తప్పులు ఉండకూడదు అని కూడా రాయించారు.

అనంతపురం సీమలో ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. పడమటి కనుమలు నైరుతి వానలను చాలావరకు అడ్డుకుంటాయి. తూర్పు సముద్రం దూరం. అందుకే ఈశాన్య వానలు కూడా ఇక్కడికి వచ్చేసరికి తగ్గిపోతాయి. కాబట్టి ఈ సీమ పాతకాలం నుంచి చెరువుల మీదే బతికింది. చెరువు సంగతి రాసిన రాయి అంటే ఊరి బతుకు రాసిన రాయి.

పెద్దాయన ఒక పక్కన చెయ్యి పెట్టి ఇట్లా చెప్పాడు.

"ఊళ్లలో నిలబెట్టిన శాసనం బండలు ఉంటాయి. చాలా వాటి మీద పైన సూర్యుడు, చంద్రుడు బొమ్మలు చెక్కుతారు. సూర్యుడు, చంద్రుడు ఉన్నంత కాలం ఈ మాట చెల్లుతుంది అని దానికి అర్థం."

వదిన గభాలున అవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, మన బట్టల బండ! దాని మీద గుండ్రంగా ఒకటి, కొడవలి మాదిరి ఒకటి ఉన్నాయి కదా!"

ఎవరూ మాట్లాడలేదు. అందరికీ ఆ బండ కళ్ల ముందు కనిపించింది. ఇన్నేళ్లు దాని మీదే బట్టలు బాదారు. ఇంకో నాలుగు రోజుల్లో దాన్ని సుత్తితో పగలగొడతారు.

5. రోము నగరంలో ఒక గుడి

పాత గుళ్లు మన దేశంలోనే కాదు, వేరే దేశాల్లో కూడా ఉన్నాయి. ఇటలీ దేశంలో రోము అనే నగరం ఉంది. అక్కడ పాంథియన్ అనే పాత గుడి ఉంది. దానికి దాదాపు 1900 ఏళ్లు. దాని పైకప్పు బోర్లించిన గిన్నె మాదిరి ఉంటుంది. నడుమ పెద్ద గుండ్రని రంధ్రం ఉంది. వాన పడితే నీళ్లు లోపలికి వస్తాయి. నేలలో చిన్న చిన్న తూములు ఉన్నాయి. నీళ్లు వాటిలోంచి పోతాయి.

ఆ గుడి ముందు పక్క పెద్ద అక్షరాలు ఉన్నాయి. అగ్రిప్ప కట్టించాడు అని రాసి ఉంది. కానీ అగ్రిప్ప కట్టించిన గుడి కాలిపోయింది. ఇప్పుడు ఉన్నది తర్వాత కట్టింది. హాడ్రియన్ అనే చక్రవర్తి కాలంలో అది పూర్తయింది. ఆయన పాత పేరే ఉంచాడు. కాబట్టి రాసి ఉన్న మాటను కూడా అడిగి, ఆలోచించి నమ్మాలి.

క్రీస్తు శకం 609లో ఆ గుడిని చర్చిగా మార్చారు. జనం వాడుకున్నారు కాబట్టి అది నిలిచింది. రోములో చాలా గుళ్లకు ఆ అదృష్టం లేదు. వాటి పాలరాళ్లను ఊడదీసి ఇళ్లకు వాడుకున్నారు. కొన్నిటిని బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. ఇప్పుడు దేశదేశాల జనం రోముకు పోయి, మిగిలిన నాలుగు స్తంభాల ముందు నిలబడి చూస్తున్నారు.

6. ఊళ్లో మాటలు

తిరుగు బస్సులోనే వాదన మొదలైంది.

"ఆ బండను పగలగొట్టనీకూడదు" అంది అవ్వ.

"నీకేం అవ్వా, నీకు గొర్రెలున్నాయి. ఆ పని ఆగితే నాకు కూలి పోతాది. రాయి చూస్తా కూర్చుంటే కడుపు నిండుతాదా?" అంది బేల్దారక్క.

అవ్వకు జవాబు దొరకలేదు. అక్క చెప్పింది కూడా నిజమే.

మరుసటి రోజు సాయంత్రం అందరూ బండ దగ్గరికి పోయారు. బేల్దారక్క కూడా వచ్చింది. బండ మీద నీళ్లు పోశారు. మెత్తటి గుడ్డతో మట్టి తుడిచారు. పొద్దు వాలింది. ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడింది. అప్పుడు అక్షరాలు లేచి కనిపించాయి. పైన సూర్యుడు. పక్కన చంద్రుడు. కింద పదమూడు వరసలు. కింద వరసలు సగం అరిగిపోయాయి. బట్టలు బాదిన చోటే ఎక్కువ అరిగింది.

బేల్దారక్క ఒక అక్షరం గాడిలో వేలు పెట్టి చూసింది.

"సన్న ఉలితో కొట్టినారు. చెయ్యి వణకలేదు" అంది. కాసేపు ఆగి, "కల్వర్టుకు రాళ్లు క్వారీ నుంచి తెప్పించమని అడుగుదాం. పని ఆగకూడదు. రాయి పగలకూడదు" అంది.

అందరూ సర్పంచు దగ్గరికి పోయారు. కాంట్రాక్టరు కోపం చేసుకున్నాడు. "గుడిలో దేవుడే లేడు. మీకెందుకమ్మా?" అన్నాడు.

"దేవుడు లేకపోయినా రాత ఉందన్నా" అంది వదిన.

సర్పంచు కొంచెంసేపు ఆలోచించాడు. "నోటి మాట చాలదు. రాసి ఇవ్వండి. తహశీల్దారు ఆఫీసులో కూడా ఇవ్వండి" అన్నాడు.

"ఆవుకు గంట. మనకు అర్జీ" అంది అవ్వ.

ఆ రాత్రి లాంతరు ముందర కూర్చుని అర్జీ రాశారు. మూడు కాగితాలు పాడైనాయి. నాలుగో కాగితం బాగా వచ్చింది. ఆ అర్జీ ఇది.

తహశీల్దారు గారికి,

అయ్యా,

మా ఊరి చెరువు గట్టు కింద పాత గుడి ఉంది. గుడి ముందర అక్షరాలు చెక్కిన బండ ఉంది. దాని మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు ఉన్నాయి. అది శాసనం అని మేము అనుకుంటున్నాము. ఆ గుడి రాళ్లను కల్వర్టు పనికి పగలగొట్టాలని చూస్తున్నారు.

దయచేసి ఆ పని ఆపించండి. కల్వర్టుకు రాళ్లు క్వారీ నుంచి తెప్పించండి. మా ఊరికి కల్వర్టు కావాలి. కూలి పని కూడా కావాలి. పురావస్తు శాఖ వాళ్లకు తెలిపి, ఆ బండ మీద ఏం రాసి ఉందో చదివించండి. మా ఊరి సంగతి మాకు తెలియాలి.

ఇట్లు,
రాత్రిబడి మహిళలు

కింద పదకొండు సంతకాలు ఉన్నాయి. వేలిముద్ర ఒక్కటి కూడా లేదు.

ఆఫీసులో అర్జీ ఇచ్చారు. "నకలు మీద ముద్ర వేసి ఇవ్వండి సార్" అని అడిగి తీసుకున్నారు.

సర్పంచు రాళ్లు పగలగొట్టే పని ఆపించాడు. క్వారీ రాళ్లు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు బేల్దారక్కకు కూలి లేదు. పొదుపు సంఘం ఆమెకు అప్పు ఇచ్చింది. అవ్వ ఒక మూట రాగులు పంపింది. పదకొండో రోజు పని మొదలైంది.

పురావస్తు శాఖ వాళ్లు ఇంకా రాలేదు. వాళ్లు వస్తే ఏం చేస్తారో పెద్దాయన లేపాక్షిలో చెప్పాడు. తడి కాగితం రాతి మీద పరుస్తారు. బ్రష్షుతో కొట్టి, అక్షరాల గాడిలోకి కాగితం దిగేటట్టు చేస్తారు. పైన నల్ల సిరా అద్దుతారు. రాయి నల్లగా, అక్షరాలు తెల్లగా కాగితం మీద పడతాయి. ఆ కాగితం చదివే నిపుణులు ఉన్నారు.

వదిన పక్షానికి ఒకసారి ఆఫీసుకు పోయి అడిగి వస్తోంది. ముద్ర వేసిన నకలు చేతిలో ఉంటుంది.

బట్టల బండ మీద ఇప్పుడు ఎవరూ బట్టలు ఉతకడం లేదు. దాన్ని ఇప్పుడు శాసనం బండ అంటున్నారు.

తెలుసుకోండి

తెలుగు అక్షరాలు మనకు పాత రాళ్ల మీదే దొరికాయి. కడప జిల్లాలోని కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు తొలి తెలుగు శాసనాలలో ముఖ్యమైనవి. వాటికి 1400 ఏళ్లు దాటాయి. రేనాటి చోళులు వాటిని వేయించారు.

కొన్ని పాత కట్టడాల దగ్గర "రక్షిత కట్టడం" అని ప్రభుత్వం బోర్డు పెడుతుంది. కేంద్ర ప్రభుత్వం రక్షణలో ఉన్న వాటిని పాడు చేస్తే 1958 నాటి చట్టం కింద శిక్ష ఉంది. రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు.

నిధుల కోసం పాత గుళ్లలో రాత్రిపూట తవ్వే వాళ్లు ఉన్నారు. 1878 నాటి చట్టం ప్రకారం, భూమిలో దాగిన సొమ్ము పది రూపాయలకు మించి దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచుకోవడం నేరం.

బోర్డు లేని పాత గుళ్లు, పాత బండలు చాలా ఉన్నాయి. వాటి సంగతి ఊరివాళ్లే ముందుగా చెప్పాలి.

కొత్త మాటలు

శాసనం: రాతి మీద గానీ, రాగి రేకు మీద గానీ చెక్కించిన మాట
మాన్యం: పన్ను లేకుండా, లేదా తక్కువ పన్నుతో ఇచ్చిన భూమి
దశబంధం: చెరువు బాగు చేసే వాళ్లకు ఇచ్చిన మాన్యం
పురావస్తు శాఖ: పాత కట్టడాలను, పాత వస్తువులను కాపాడే ప్రభుత్వ శాఖ
నకలు: రాసిన దానికి ఇంకో ప్రతి

చెప్పండి

1. లేపాక్షి గుడిని ఏ రాజు కాలంలో కట్టారు? ఎవరు కట్టించారు?
2. శాసనం బండ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు ఎందుకు చెక్కుతారు?
3. ఈ పాఠంలో జనం చెప్పుకునే కథలు ఏవి? రాతి మీద రాసి ఉన్న సంగతులు ఏవి?
4. బేల్దారక్క మొదట ఎందుకు ఒప్పుకోలేదు? ఆమె చెప్పింది తప్పా? మీలో మీరు మాట్లాడుకోండి.
5. అర్జీ నకలు మీద ముద్ర ఎందుకు వేయించుకోవాలి?

చేయండి

మీ ఊళ్లో పాత గుడి, పాత బావి, వీరగల్లు, అక్షరాల బండ ఏవైనా ఉన్నాయా? పోయి చూడండి. పొద్దు వాలేటప్పుడు చూస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి. వాటికి నూనె, సున్నం, రంగు పూయకండి. ఉలితో గీకకండి. ఎక్కడ ఉంది, ఎంత పొడవు ఉంది, ఎన్ని వరసలు ఉన్నాయి అని మీ నోటు పుస్తకంలో రాయండి. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, దాని గురించి చెప్పుకునే కథ కూడా పక్కన రాయండి.